అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు ఏ పాలసీ?

కూతురి పురుడుకని అమెరికా బయల్దేరే అమ్మ సూట్‌కేసులో ముందు సర్దేది ఆరు నెలలకు సరిపడా బీపీ, షుగర్ మాత్రలే. డాక్టరు రాసిచ్చిన చీటీ కూడా జాగ్రత్తగా పెడతారు. అదే ఇంట్లో, అదే వారంలో, ఆ బీపీకీ షుగర్‌కీ పైసా ఇవ్వని పాలసీ ఒకటి కొని 'హమ్మయ్య, ఇన్సూరెన్స్ పని అయిపోయింది' అనుకుంటారు.

యూరప్ వెళ్లేవాళ్లకు కొనాలా వద్దా అన్న ప్రశ్నే రాదు. షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల పాలసీ చూపించాలి. స్వదేశానికి చేర్చే ఖర్చు కూడా అందులో ఉండాలి. అమెరికా విజిటర్ వీసాకు ఆ షరతు లేదు. అడగలేదు కదా, అక్కర్లేదేమో అనుకునేవాళ్లు ఉన్నారు. ప్రాణం మీదికొచ్చిన రోగిని డబ్బు లేదని వెనక్కి పంపకూడదని 1986లో అక్కడ చట్టం వచ్చిన మాట నిజమే. కానీ అది ఉచితంగా చెయ్యమని చెప్పలేదు. బిల్లు తర్వాత ఇంటికొస్తుంది. గుండెకు స్టెంటు వేసి నాలుగు రోజులు ఉంచితే అది లక్ష డాలర్ల దాకా వెళ్లడం అక్కడ వింతేమీ కాదు.

అందుకే కొనాలి. ఏది కొనాలన్న దగ్గరే అసలు తకరారు.

చవగ్గా దొరికేవి ఎక్కువగా ఫిక్స్‌డ్ బెనిఫిట్ పాలసీలు. గదికి రోజుకింత, ఆపరేషన్‌కింత అని ఒక పట్టిక ఉంటుంది. బిల్లు ఎంతొచ్చినా పట్టికలో ఉన్నదే ఇస్తారు. కాంప్రహెన్సివ్ పాలసీలో డిడక్టిబుల్, అంటే ముందుగా మన జేబు నుంచి పెట్టుకోవాల్సిన మొత్తం, మనం కట్టుకున్నాక, మిగతాదాంట్లో ఎక్కువ భాగం పరిమితి మేరకు కంపెనీ కడుతుంది. ప్రీమియం బాగా ఎక్కువే. అయినా అరవై దాటిన వాళ్లకు నేనైతే ఇదే కొంటాను.

అంతకన్నా ముఖ్యంగా చదవాల్సింది 'అక్యూట్ ఆన్‌సెట్' అనే నిబంధన. ముందే ఉన్న జబ్బు ఏ సూచనా లేకుండా హఠాత్తుగా ముంచుకొస్తేనే ఇది వర్తిస్తుంది. చాలా పాలసీల్లో 24 గంటల్లోపు ఆసుపత్రికి వెళ్లాలన్న షరతు కూడా ఉంటుంది. మామూలు చెకప్‌లకు, మాత్రలకు ఇవ్వరు. డెబ్బై దాటితే ఈ సౌకర్యం బాగా తగ్గిపోతుంది, కొన్నింట్లో అసలే ఉండదు. ఇక మన నాన్నల సంగతి తెలిసిందే. ఛాతీలో మంటగా ఉంటే 'గ్యాస్ అయ్యుంటుందిలే' అని వాము నమిలి, పిల్లలకు టెన్షన్ ఎందుకని రెండు రోజులు ఓర్చుకుంటారు. మూడో రోజు ఆసుపత్రిలో ఆ మాటే డాక్టరుకు చెబుతారు. డాక్టరు దాన్ని కేస్ షీట్‌లో రాసుకుంటాడు. క్లెయిమ్ అక్కడే పోతుంది. విమానం ఎక్కకముందే ఈ సంగతి ఆయనకు చెప్పి ఉంచాలి.

పాలసీ మీద పెద్దక్షరాల్లో కనిపించే ఎవాక్యుయేషన్ మొత్తం అమెరికా ప్రయాణంలో చాలావరకు అలంకారమే. ఉన్నచోట తగిన వైద్యం లేకపోతే, అది దొరికే దగ్గరి ఆసుపత్రికి చేరుస్తారని దాని అర్థం. డల్లాస్‌లో పెద్దాసుపత్రి పక్కనే ఉండగా ఎక్కడికి తరలిస్తారు? హైదరాబాద్ తీసుకెళ్లి మన డాక్టరుకే చూపించుకుంటామంటే స్ట్రెచర్‌కు పట్టే సీట్లు, వెంట నర్సు, ఆ ఖర్చంతా మనదే అయ్యే అవకాశం ఎక్కువ. భౌతికకాయాన్ని ఇంటికి పంపే ఖర్చు ఇంకో పద్దు. చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉన్నా ఆ అంకె చూడాలి. అది లేకే ఎన్నో కుటుంబాలు ఆన్‌లైన్‌లో చందాలు అడగాల్సి వస్తోంది.

కైలాస మానససరోవర యాత్రకు మాత్రం లెక్క తిరగబడుతుంది. పరిక్రమలో దాటే డోల్మా లా కనుమ 5,600 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ ఊపిరాడకపోతే కావాల్సింది కిందికి చేర్చే సాయమే. చాలా పాలసీలు ఒక ఎత్తు దాటాక వర్తించవు. పైగా, పాలసీ హెలికాప్టర్ బిల్లు కడుతుంది గానీ మబ్బుల్ని తొలగించలేదు. 2018 జులైలో వాతావరణం బాగోక 1,500 మందికి పైగా మన యాత్రికులు నేపాల్‌లోని సిమికోట్, హిల్సాల్లోనూ, టిబెట్ వైపూ చిక్కుకుపోయారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఇలాంటి యాత్రకు పాలసీ ఏ ఎత్తుదాకా పనిచేస్తుందో, హెలికాప్టర్‌కు ముందు ఎవరి అనుమతి కావాలో, చిక్కుకుపోయిన రోజులకు గడువు పెరుగుతుందో లేదో అడగాలి. ఏజెంటు 'అన్నీ కవరవుతాయి సార్' అంటే, ఆ ముక్కే ఈమెయిల్‌లో రాసి పంపమనండి.