మూడో వరుసలో కూర్చునే విద్య

మా శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆర్కెస్ట్రా అంటే అర్థం వేరు. వినాయక చవితికో అమ్మవారి పండగకో వీధి మొదట్లో స్టేజీ కట్టి, రాత్రి పదింటికి మొదలుపెట్టి తెల్లవారుజాము దాకా సినిమా పాటలు పాడే బృందం అది. కీబోర్డు, ప్యాడ్లు, ఇద్దరో ముగ్గురో గాయకులు, గుండెలదిరే సౌండ్ బాక్సులు. అందుకే సంగీతం చదువుకునే పిల్లలకు ఆర్కెస్ట్రా ఉండాలని నేనంటే మావాళ్లు నవ్వుతారు. "అంత కష్టపడి నేర్చుకుని ఆర్కెస్ట్రాలో వాయిస్తారేటి?" అంటారు. వాళ్లను తప్పు పట్టలేను. నేనంటున్నది వాద్యబృందం గురించి. పదిహేను మందో పాతికమందో కలిసి కూర్చుని, ఒకే కూర్పును, ఎవరి భాగం వాళ్లు వాయించడం గురించి.

చాలా ఏళ్ల కిందట విజయనగరంలో సాయంత్రం పూట ఫిడేలు క్లాసుకు వెళ్లేవాణ్ణి. ఒక వార్షికోత్సవానికి ముందు మమ్మల్నందరినీ ఒక గదిలోకి పోగేశారు. తొమ్మిది ఫిడేళ్లు, మూడు వీణలు, ఒక వేణువు, రెండు మృదంగాలు. నాది మూడో వరుస, గోడ వార. మొదటి రోజు గంటకు గంటా శ్రుతి చేసుకోవడానికే సరిపోయింది. వేణువు పిల్లాడి దగ్గరున్నది ఐదు శ్రుతి వేణువు, అంటే మూడు శ్రుతి కంటే పై స్థాయిది. వీణలను అంత పైకి ఎక్కిస్తే తీగలు తెగుతాయి. మూడు శ్రుతికి దిగమంటే వాడు దిగడానికి వాడి చేతిలో వేరే వేణువు లేదు. మూడు శ్రుతి వేణువు పొడుగ్గా ఉంటుంది, రంధ్రాలు ఎడంగా ఉంటాయి, అంత చిన్న వేళ్లకు అందవు కూడా. ఈలోగా మా వరుసలో ఒకమ్మాయి ఫిడేలుకు తీగ బిగించే బిరడ జారిపోతూనే ఉంది. సుద్దముక్క రాసి బిగించింది, మళ్లీ జారింది. అప్పటికి మాలో చాలామందికి నాలుగేళ్ల చదువు అయింది. పక్కవాడి తీగ వింటూ మన తీగ సవరించుకోవాల్సిన అవసరం ఆ రోజే మొదటిసారి వచ్చింది. అంతకుముందు ఎవరి శ్రుతిపెట్టె వాళ్లది.

హంసధ్వని రాగంలో ఒక కీర్తన తీసుకున్నారు. మధ్యలో వీణలు మాత్రమే వాయించే చోటు ఒకటి పెట్టారు. అక్కడ ఫిడేళ్లు రెండు ఆవర్తనాలు, అంటే తాళం రెండు చుట్లు, ఊరుకోవాలి. ఆది తాళంలో రెండు ఆవర్తనాలంటే పదహారు అక్షరాలు, పదహారు లెక్కలన్నమాట. స్టేజీ మీద నేను ఎనిమిదికే కమాను వేసేశాను, పక్కా స్వరంతో, గట్టిగా. వీణ వాయిస్తున్న అక్క తల తిప్పి నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. తప్పు నాదే. కాకపోతే అన్నేళ్ల చదువులో వాయించడం నేర్చుకున్నానే గానీ, తాళం లెక్కపెట్టుకుంటూ ఊరుకోవడం నేర్చుకోలేదు. నేను వెళ్లిన పరీక్షలన్నింట్లోనూ ఒక్కడినే చాప మీద కూర్చోబెట్టి, ఎదుట ముగ్గురు కూర్చుని అడిగేవారు. ఊరుకోవడానికి మార్కులు లేవు.

కచేరీలో గాయకుడి పక్కన కూర్చుని వాయించే పక్కవాద్యం ఉంది కదా, అది కలిసి వాయించడం కాదా అని అడగొచ్చు. అది చాలా గొప్ప విద్య, కానీ వేరే విద్య. గాయకుడు ఒక మెలిక వేస్తే ఫిడేలు దాని వెంటపడుతుంది. ఒకరి వెనక ఒకరు. తొమ్మిది మంది ఒక్క గొంతుగా మోగాలంటే లెక్కలు మారిపోతాయి. ఉదాహరణకు కమాను. మన పద్ధతిలో కమాను ఎటు లాగాలో ఎవరూ రాసి ఇవ్వరు, ఎవరి చేతివాటం వాళ్లది. బృందంలో నలుగురు పైకి, ఐదుగురు కిందికి లాగితే చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉండడం ఒక్కటే కాదు, స్వరం ఎక్కడ విరగాలో అక్కడ విరగదు. పాశ్చాత్య సంగీత కళాశాలల్లో మొదటి ఫిడేలు దగ్గర కూర్చున్న విద్యార్థి కమాను గుర్తులు నిర్ణయిస్తే మిగతావాళ్లు పెన్సిల్‌తో తమ కాగితాల మీద వేసుకుంటారు. శ్రుతికి ఓబో అనే ఊదే వాద్యం ఒక్క స్వరం ఇస్తుంది, అందరూ దానికి కలుపుకుంటారు. అక్కడి పిల్లలకు ఇది సరదా కార్యక్రమం కాదు, చదువులో భాగం.

అన్నట్టు, ఆ కళాశాలలను పిలిచే కన్సర్వేటరీ అనే మాట పుట్టిందే అనాథాశ్రమాల నుంచి. ఇటలీలోని నేపుల్స్‌లో దిక్కులేని పిల్లలను చేరదీసి, పొట్టపోసుకోవడానికి సంగీతం నేర్పిన ఇళ్లను అలా పిలిచేవారు. విజయనగరం కథ దీనికి మరీ దూరం కాదు. చూపులేని ఒక కుర్రాడికి సంగీతం నేర్పించడం కోసమే విజయనగరం మహారాజు విజయరామ గజపతిరాజు 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టించారని ఊళ్లో చెప్పుకుంటారు. ఘంటసాల ఈ ఊళ్లో మధూకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని, తిని చదువుకున్న సంగతి అందరికీ తెలిసిందే. అదే ఘంటసాల ఆ తర్వాత సినిమాల్లో సంగీత దర్శకుడై వరసలు వరసల ఫిడేళ్లకు పని కల్పించారు. మద్రాసులో స్టూడియోల కాలం నడిచినన్నాళ్లూ సంగీతం చదివినవాడికి అదొక అన్నం పెట్టే పని. ఇప్పుడు ఆ పనిలో చాలా భాగం కీబోర్డూ కంప్యూటరూ చేస్తున్నాయి. ఇంక మిగిలింది నాట్య కార్యక్రమాల వాద్యబృందాలు, పెళ్లి కచేరీలు, స్కూళ్లలో టీచర్ ఉద్యోగాలు. వీటిలో ఎక్కువభాగం నలుగురితో కలిసి చేసేవే. మనం మాత్రం ప్రతి విద్యార్థినీ రేపు ఒంటరిగా మూడు గంటల కచేరీ చేయబోతున్నట్టే తయారుచేస్తున్నాం. ఆ స్థాయికి ఎందరు వెళ్తారో టీచర్లకూ తెలుసు.

ఈ ఒంటరి ఆదర్శం విజయనగరంలో బలంగా ఉండడానికి కారణం లేకపోలేదు. కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. హరికథ చెబుతూ పాడి, ఆడి, కాళ్లూ చేతులూ తలతో ఐదు లయలు ఒకేసారి చూపించిన మనిషికి వేరే బృందం ఎందుకు? ఆయనే ఒక వాద్యబృందం. ఆయన తర్వాత 1936లో ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామి నాయుడు విద్యార్థిగా చేరదామని వచ్చి మాస్టారుగా కుదిరిన మనిషి. పక్కన కూర్చునే ఫిడేలును నడిమధ్యకు తెచ్చి, దాన్నే కచేరీగా నిలబెట్టినవాళ్లలో ఆయన ముఖ్యుడు. ఇలాంటి ఇద్దరి నీడలో పెరిగిన ఊరు ఒక్కడి ప్రతిభనే కొలమానంగా పెట్టుకోవడంలో వింత లేదు. కానీ ద్వారం వారి పొడుగాటి కమాను, ఆ నిండైన నాదం వెనక పాశ్చాత్య ఫిడేలును శ్రద్ధగా విన్న చెవి కూడా ఉంది.

అసలు ఫిడేలు మనకు వచ్చిందే తెల్లవాళ్ల దగ్గర్నుంచి. బాలుస్వామి దీక్షితులు మద్రాసులో నేర్చుకుని దాన్ని మన సంగీతంలోకి తెచ్చారు. ఆయన అన్న ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు వరసలకు సంస్కృతంలో సాహిత్యం కట్టారు. అవే నోటు స్వరాలు, దాదాపు 40. అంతా శంకరాభరణం స్వరాల్లో, గమకం, అంటే స్వరాన్ని ఊపడం, లేకుండా, తిన్నగా నడుస్తాయి. వీటిని చిన్నపిల్లల పాఠంగా నేర్పి వదిలేస్తున్నాం. విద్యార్థి బృందానికి మొదటి ఏడాది ఇంతకంటే అనువైన సరుకు ఉండదని నా అభిప్రాయం. ఒక వరుస పాట వాయిస్తుంటే రెండో వరుస కింద వేరే స్వరం పట్టుకున్నా రాగం చెడదు, ఎందుకంటే ఆ వరసలు పుట్టిందే అలాంటి సంగీతంలో.

గమకం అసలైన చిక్కు. తోడి రాగంలో గాంధార స్వరాన్ని తొమ్మిది మంది వాయిస్తే, ఎవరి ఊపు వాళ్లది కాబట్టి తొమ్మిది గాంధారాలు వినిపిస్తాయి. అందుకే మా బృందాల్లో ఎప్పుడూ హంసధ్వని, మోహన, కదనకుతూహలం. అవి చప్పట్లు తెస్తాయి, అక్కడే ఆగిపోతాం. దీన్ని చూపించి వాద్యబృందం మన సంగీతానికి పనికిరాదనే పెద్దలున్నారు. సగమే ఒప్పుకుంటాను. తోడిని అందరిచేతా వాయించమని ఎవరన్నారు? రాగం ఒకరికి అప్పగించి, మిగతావాళ్లు షడ్జమ పంచమాల (స, ప) మీద ఒత్తి నిలబడొచ్చు, పల్లవికి కలవొచ్చు. ఆకాశవాణి 1952లో ఢిల్లీలో వాద్యబృందం మొదలుపెట్టినప్పుడు సితార్ విద్వాంసుడు రవిశంకర్, ఆ తర్వాత మన వైణికుడు ఈమని శంకరశాస్త్రి ఈ చిక్కుతోనే కుస్తీ పట్టారు. వాళ్లకు దొరికిన జవాబులన్నీ నాకు నచ్చవు, కొన్ని మరీ సినిమా నేపథ్య సంగీతంలా ఉంటాయి. కానీ వాళ్లు ప్రయత్నించారు.

కలిసి చేయడం మన రక్తంలో లేదనే మాట మాత్రం ఒప్పుకోను. మా ఊళ్ల తప్పెటగుళ్లు చూడండి. గుండె మీద తప్పెట కట్టుకుని గుండ్రంగా తిరుగుతూ అంతమంది అడుగేస్తే గజ్జెలన్నీ ఒక్కసారే మోగుతాయి. ఎదురుగా నిలబడి పుల్ల ఊపేవాడు లేడు. నాయకుడు ఒక కేక వేస్తాడు, నడక మారిపోతుంది. ఎనిమిదికే అడుగేసినవాణ్ణి అక్కడికక్కడే సరిదిద్దుకుంటారు.

కావలసినవి పెద్దవేం కాదు. వారానికి రెండు గంటలు, అందరికీ ఒకే శ్రుతి, ఎవరి భాగం వాళ్లకు కాగితం మీద రాసిచ్చే ఒక మాస్టారు, ఏడాది చివర బృందానికీ కొన్ని మార్కులు. వీణల కోసం దూరం పోనక్కర్లేదు, పనసచెక్కతో వీణలు చెక్కే ఊళ్లు బొబ్బిలి పక్కనే ఉన్నాయి. ముందు మాత్రం అలాంటి వేణువు పిల్లాడికి ఒక మూడు శ్రుతి వేణువు కొనిపెట్టి, వేళ్లు సాగేదాకా ఒక ఆర్నెల్లు ఆగాలి.