తడిగుడ్డ ధర్మం: ఒక ఖండన

కొన్ని వారాలుగా ఒక సందేశం ఫోన్ల మధ్య తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు. దాని సారం ఇది: "నలుగురి మేలు కోసం స్నేహితుడికి చేసే ద్రోహం ద్రోహం కాదు, త్యాగం. బ్రూటస్ చేసింది అదే, విభీషణుడు చేసింది అదే. స్నేహితుడి తప్పు తెలిసీ చెప్పనివాడు ఆ తప్పులో భాగస్వామి. ఉద్దేశం మంచిదైతే దారి ఏదైనా ఒకటే. అలా చేసినవాడు తల వంచుకోవలసిన పని లేదు." కింద రెండు చేతులు జోడించిన బొమ్మ.

ఇందులో కాస్త నిజం ఉంది కాబట్టే ఇంత దూరం వచ్చింది. స్నేహితుడు చేస్తున్న పని వల్ల ఎవరి ప్రాణాలో పోతాయని తెలిస్తే నోరు విప్పాలి. దానితో నాకు పేచీ లేదు. నా పేచీ ద్రోహం అనే మాటను కడిగి ముత్యంలా చూపించడంతో. తప్పును బయటపెట్టడం ఒక పని. స్నేహితుడిలా పక్కన కూర్చుని, అతని నమ్మకాన్నే పనిముట్టుగా వాడుకుని అతన్ని పడగొట్టడం ఇంకో పని. మొదటిదానిలో గౌరవం ఉండవచ్చు. రెండోదాన్ని మనవాళ్లు తడిగుడ్డతో గొంతు కోయడం అన్నారు. దాని మీద ఏ జెండా కప్పినా ఆ తడి ఆరదు.

సందేశం చెప్పిన వరసలోనే వెళ్తాను.

బ్రూటస్. మనకు గుర్తున్న బ్రూటస్ షేక్స్‌పియర్ నాటకంలోని మనిషి, చరిత్రలోని మనిషి కాదు. చరిత్రలో అతను క్రీ.పూ. 48లో జరిగిన అంతర్యుద్ధంలో రోమన్ సేనాని సీజర్‌కు ఎదురుపక్షాన, అందరికీ తెలిసేలా నిలబడ్డాడు. ఫార్సలస్ దగ్గర అతని పక్షం ఓడిపోయింది. ఆ బ్రూటస్‌ను గౌరవించడానికి నాకే అభ్యంతరమూ లేదు. సీజర్ అతన్ని క్షమించాడు, చేరదీశాడు, పదవులు ఇచ్చాడు. క్రీ.పూ. 44లో సీజర్‌ను చంపడానికి కత్తి ఎత్తిన నాటికి అతను సీజర్ పాలనలోనే ప్రీటర్ అనే న్యాయాధికారి పదవిలో ఉన్నాడు. ఆ పదవిని వదిలి, "నేను నీ మనిషిని కాను" అని చెప్పి వెళ్లిపోయి ఉంటే అది వేరే కథ.

పైగా ఆ కుట్రలో బ్రూటస్‌లు ఇద్దరు. రెండోవాడు డెసిమస్ బ్రూటస్. అతని గురించి ఇలాంటి సందేశాలు ఎన్నడూ చెప్పవు. మార్చి 15 ఉదయం సీజర్ భార్య కల్పూర్నియా, రాత్రి వచ్చిన పీడకల చెప్పి, సభకు వెళ్లవద్దని బతిమాలింది. శకునాలూ బాగా లేవు. సీజర్ ఆగిపోదామనుకున్నాడు. అప్పుడు డెసిమస్ ఇంటికి వచ్చాడు. శకునాలు చెప్పేవాళ్లను ఎగతాళి చేశాడు. సభలో అందరూ ఎదురుచూస్తున్నారన్నాడు. చివరికి సీజర్ చేయి పట్టుకుని గుమ్మం దాటించాడని ప్లూటార్క్ రాశాడు. ఆ చేతిని నమ్మిన సీజర్, తన వీలునామాలో మొదటి వారసులు లేకపోతే ఆస్తి దక్కవలసినవారిలో డెసిమస్ పేరు కూడా రాసి పెట్టాడు. సభలో 23 పోట్లు పడ్డాయి. వాటికి రాజకీయ కారణం చెప్పండి, వింటాను. ఇంట్లోకి వచ్చి ఆ చేయి పట్టుకోవడానికి ఏ కారణం చెబుతారు?

సరే, నలుగురి మేలు సంగతి చూద్దాం. కుట్రదారులు కోరిన గణతంత్రం తిరిగి రాలేదు, యుద్ధం వచ్చింది. మరుసటి ఏడాదే డెసిమస్ చంపబడ్డాడు. క్రీ.పూ. 42లో ఫిలిప్పై దగ్గర ఓడిపోయి బ్రూటస్ ప్రాణం తీసుకున్నాడు. క్రీ.పూ. 27 నాటికి సీజర్ దత్తపుత్రుడు అగస్టస్ అనే బిరుదుతో రోమ్‌కు ఏకైక యజమాని. మధ్యలో బ్రూటస్ ఒక నాణెం వేయించాడు. ఒకవైపు రెండు కత్తులు, వాటి నడుమ దాస్య విముక్తి పొందినవాడు పెట్టుకునే టోపీ, కింద మార్చి 15ను గుర్తుచేసే అక్షరాలు. రెండోవైపు? బ్రూటస్ ముఖమే. బతికుండగా తన ముఖాన్ని రోమ్ నాణెం మీద వేయించుకోవడం సీజర్‌తో మొదలైన పని. రాజులా ప్రవర్తిస్తున్నాడన్న ఆరోపణలకు ఊతమిచ్చిన పనుల్లో అదీ ఒకటి. నాకు ఆ కత్తుల వైపు కన్నా రెండోవైపే ఎక్కువ చెబుతుంది.

విభీషణుడు స్నేహితుడు కాదు, తమ్ముడు. అయినా సందేశం పిలిచిన సాక్షి కాబట్టి విందాం. ఈయన నా పక్షాన సాక్ష్యం చెబుతాడు. రావణుడికి చెప్పవలసింది నిండు సభలో, ముఖం మీద చెప్పాడు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ చెప్పాడు. మాటలు పడ్డాడు. అప్పుడు నలుగురు అనుచరులతో లంక విడిచి, సముద్రం దాటి, ఆకాశంలో నిలబడి తాను రావణుడి తమ్ముణ్ణని చెప్పుకుని శరణు అడిగాడు. మారువేషం లేదు. లంకలోనే ఉండి, అన్న పక్కన కూర్చుని, రాత్రిపూట కబుర్లు చేరవేయలేదు. డెసిమస్‌కూ ఇతనికీ ఉన్న తేడా సముద్రమంత.

అయినా లోకం అతన్ని పూర్తిగా క్షమించలేదు. అన్ననే విడిచినవాడు ఎవరిని విడవడని సుగ్రీవుడు అనుమానించాడు. నికుంభిల దగ్గర ఇంద్రజిత్తు, గుణం లేకపోయినా తనవాడు తనవాడే, పరాయివాడు పరాయివాడే అని బాబాయిని నిలదీశాడు. యుద్ధం మొదలు కాకముందే విభీషణుడికి లంకారాజ్యాభిషేకం జరిగిపోయిందన్నది కూడా మరిచిపోకూడదు. "ఇంటి గుట్టు లంకకు చేటు" అని నేటికీ అంటున్నామంటే, ధర్మం అతని వైపే ఉందని ఒప్పుకుంటూనే ఏదో ముల్లు గుచ్చుకుంటోందన్నమాట. ఆ ముల్లును తీసి పారేయమంటోంది ఈ సందేశం.

సందేశంలో కర్ణుడు లేడు. ఎందుకో ఊహించగలను. జన్మరహస్యం చెప్పి, రాజ్యం ఇస్తామన్నా దుర్యోధనుణ్ణి విడవని మనిషి ఈ వాదానికి అడ్డు. అలాగని కర్ణుణ్ణి ఆదర్శంగా ముందు పెట్టను. జూదసభలో మిత్రుణ్ణి ఆపవలసిన చోట ఎగదోశాడు. మంచి మిత్రుడి లక్షణాలు చెప్పిన భర్తృహరి, పాపం నుంచి మళ్లించడాన్ని అన్నిటికన్నా ముందు పెట్టాడు. గుట్టు దాచడం తర్వాత, ఆపదలో విడవకపోవడం ఇంకా తర్వాత. శ్లోకంలో వరసకు అంత అర్థం వెతకాలా అని ఛందస్సు తెలిసినవారు నవ్వవచ్చు. నవ్వనివ్వండి, నాకు ఆ వరస నచ్చింది. కర్ణుడు రెండోదీ మూడోదీ చేసి మొదటిది వదిలేశాడు. మన సందేశం మూడింటినీ వదిలేయమంటోంది.

"తెలిసీ చెప్పనివాడు భాగస్వామి." వినడానికి దీనంత న్యాయమైన మాట లేదు. దీనికి ఎదురుకొస ఎలా ఉంటుందో రోమన్ రచయిత సిసిరో చూపించాడు. రోమ్ నాయకుడు టైబీరియస్ గ్రాకస్ హత్య తర్వాత అతని మిత్రుడు బ్లోసియస్‌ను విచారిస్తూ, "అతను కాపిటల్ ఆలయానికి నిప్పు పెట్టమని ఉంటే?" అని అడిగారట. అతను అలా ఎన్నడూ అడిగేవాడు కాదని, అడిగితే మాత్రం పెట్టేవాణ్ణేనని బ్లోసియస్ జవాబు. అది స్నేహం కాదు, బానిసత్వం. అంతవరకు సందేశంతో ఏకీభవిస్తాను.

కానీ ఈ వాక్యాన్ని అందరికన్నా ఎక్కువగా ప్రేమించేది అధికారం. 1952 జనవరిలో అమెరికా ప్రతినిధుల సభ విచారణ సంఘం ముందు సినీ దర్శకుడు ఎలియా కజాన్ పాత సహచరుల పేర్లు చెప్పనన్నాడు. ఏప్రిల్‌లో చెప్పాడు, ఎనిమిది మంది పేర్లు. వాళ్లు బాంబులు పెట్టలేదు. ఎన్నో ఏళ్ల కిందట అతనితో కలిసి నాటకాలు వేసిన రోజుల్లో, అతనిలాగే కమ్యూనిస్టు పార్టీలో ఉన్నారు, అంతే. దేశం కోసమే చెప్పానని పత్రికలో ప్రకటన కూడా వేయించుకున్నాడు. అతని సినిమాలు ఆగలేదు. అలా పేర్లు బయటికి వచ్చినవారికి ఆ రోజుల్లో సినిమా పని దొరకడం ఆగిపోయేది. 1999లో అతనికి గౌరవ ఆస్కార్ ఇచ్చినప్పుడు హాల్లో కొందరు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, కొందరు చేతులు కట్టుకుని కూర్చుండిపోయారు. 47 ఏళ్ల తర్వాత కూడా. కాబట్టి "చెప్పాలి" అనే ముందు మూడు చిన్న ప్రశ్నలు వేసుకోవాలి. చెబితే ఏ కీడు ఆగుతుంది? అడుగుతున్నది ఎవరు? చెప్పినందుకు నాకు మిగిలేదేమిటి?

"ఉద్దేశం మంచిదైతే దారి ఏదైనా ఒకటే." అసలు గొడవంతా ఇక్కడే ఉంది.

బ్రిటిష్ గూఢచారి సంస్థలో ఎదుగుతూ, ఏళ్ల తరబడి సోవియట్‌కు రహస్యాలు అందించిన కిమ్ ఫిల్బీ ఈ వాక్యాన్ని చివరి వరకు నమ్మాడు. స్నేహమూ సిద్ధాంతమూ ఎదురుపడితే సిద్ధాంతానికే పెద్దపీట వేశానని ముసలితనంలో నిబ్బరంగా చెప్పుకున్నాడు. అతని దృష్టిలో అది మానవజాతి మేలు. అతని మీద అనుమానాలు ముసిరిన రోజుల్లో మిత్రుడు నికొలస్ ఎలియట్ అతని తరఫున వాదించాడు, పత్రికా ఉద్యోగం దొరికేలా సాయపడ్డాడు. ఫిల్బీ ఆ స్నేహం నీడలోనే పని కానిచ్చాడు. నిజం తేలాక 1963 జనవరిలో బేరూత్ వెళ్లి, ఎదురుగా కూర్చుని, నీ సంగతి తెలిసిపోయిందని చెప్పింది ఆ ఎలియటే. గదిలో రహస్య మైకులు పెట్టారు కాబట్టి అతన్నీ మరీ నెత్తిన పెట్టుకోను. కానీ తాను ఎందుకు వచ్చాడో దాచలేదు. కొద్ది రోజులకే ఫిల్బీ మాస్కో పారిపోయాడు. మంచి ఉద్దేశం ఎవరికి లేదు? ఫిల్బీకీ ఉంది, డెసిమస్‌కూ ఉండే ఉంటుంది. ఉద్దేశాన్ని కొలవడానికి త్రాసు లేదు. దారి మాత్రం కంటికి కనిపిస్తుంది.

నాకు ఈ సంగతి చదివి తెలిసింది కాదు. మేము కొందరం కలిసి నడిపిన ఒక సంఘానికి ఒకప్పుడు లెక్కలు చూసేవాణ్ణి. విరాళాల డబ్బు కొంత తగ్గింది. అనుమానం నా స్నేహితుడి మీదికే పోయింది. ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. లెక్కల పుస్తకం సంచిలోనే ఉంచాను. "ఈమధ్య ఏదో కష్టంలో ఉన్నట్టున్నావు, చెప్పుకుంటే తేలికవుతుంది" అన్నాను. భుజం మీద చేయి కూడా వేశాను. అతను చెప్పుకున్నాడు. ఎంత తీశాడో, ఎందుకు తీశాడో, ఎలా తిరిగి పెట్టాలనుకుంటున్నాడో అంతా. మర్నాడు ఉదయం అదంతా అతని మాటల్లోనే సంఘం ముందు పెట్టాను. డబ్బు తిరిగి వచ్చింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు. అతను బయటికి వెళ్తూ ఒక్కటే అడిగాడు: "నిన్న రాత్రి మా ఇంటికి వచ్చింది నువ్వా, సంఘమా?" నేను కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయాను.

చెప్పడం తప్పని ఇప్పటికీ అనుకోను. ఆ డబ్బు అతనిదీ కాదు, నాదీ కాదు. గుమ్మంలోనే పుస్తకం తీసి, "లెక్కలు చూసేవాడిగా వచ్చాను, నువ్వేం చెప్పినా రేపు అందరికీ చెబుతాను" అనవలసింది. అంత్యనిష్ఠూరం కన్నా ఆదినిష్ఠూరం మేలంటారు. అలా అని ఉంటే అతను నోరు విప్పేవాడు కాదేమో. అప్పుడు లెక్కలే మాట్లాడేవి, కాస్త ఆలస్యంగా. ఆ ఆలస్యాన్ని తప్పించుకోవడానికి నేను స్నేహాన్ని ఖర్చు పెట్టాను.

ఇక చివరి మాట, తల వంచుకోవలసిన పని లేదన్నది. దీనికి డేవిడ్ కజిన్‌స్కీ కన్నా గట్టి జవాబు నాకు తెలియదు. 1978 నుంచి 1995 వరకు అమెరికాలో ఎవరో బాంబులు పంపుతూ ముగ్గురిని చంపారు, 23 మందిని గాయపరిచారు. 1995 సెప్టెంబరులో ఆ హంతకుడి 35,000 పదాల వ్యాసం పత్రికలో అచ్చయింది. ఆ హంతకుడు మీ అన్నే కావచ్చని అంతకు ముందే అనుమానించింది డేవిడ్ భార్య. అతను నమ్మలేదు. తర్వాత వ్యాసం చదివాడు, అన్న టెడ్ రాసిన పాత ఉత్తరాలు తీసి పక్కన పెట్టుకున్నాడు. అవే పలుకుబళ్లు. చివరికి లాయరు ద్వారా ప్రభుత్వానికి తెలియజేశాడు. 1996 ఏప్రిల్ 3న మోంటానా అడవిలోని గుడిసెలో టెడ్ దొరికాడు.

డేవిడ్ అన్నకు ముందుగా చెప్పలేదు. నా ఆదినిష్ఠూరం నియమం ఇక్కడ చెల్లదు, ఒప్పుకుంటాను. తర్వాతి బాంబు ఎవరి చేతిలో పేలుతుందో తెలియనప్పుడు హెచ్చరిక పంపడమంటే ఇంకొకరి ప్రాణంతో పందెం కాయడమే. కానీ అతను ఆ గుడిసెకు వెళ్లి, తమ్ముడి ప్రేమ ఒలకబోసి, ఒప్పుకోలు రాబట్టుకుని రాలేదు. తన పేరు గుట్టుగా ఉంచమని కోరాడు. అది పత్రికలకు పొక్కింది. అన్నకు మరణశిక్ష పడకూడదని పోరాడాడు. 1998లో యావజ్జీవ శిక్ష పడింది. పది లక్షల డాలర్ల బహుమతి వస్తే, ఖర్చులు పోగా మిగిలినదాంట్లో ఎక్కువ భాగం బాధితుల కుటుంబాలకు పంచాడు. జైలుకు ఉత్తరాలు రాస్తూ ఉన్నాడు. అన్న నుంచి జవాబు రాలేదు. 2023లో టెడ్ చనిపోయాడు. చేసిన పని సరైనదే. దాన్ని ఎవరైనా త్యాగమని పొగిడితే డేవిడ్ ఏమంటాడో గానీ, ఆ ఉత్తరాలు రాసిన మనిషికి చేతులు జోడించిన బొమ్మ పంపడానికి నాకైతే చేయి రాదు.

నాకు సందేశం పంపిన నలుగురిలో ఒకరు చాలా కాలంగా మిత్రుడు. ఇది రాయడానికి ముందు ఫోను చేసి, నువ్వు పంపినదాన్ని ఖండిస్తూ రాయబోతున్నానని చెప్పాను. కాసేపు వాదించుకున్నాం. "రాసుకో, కానీ నా పేరు పెట్టకు" అన్నాడు. పెట్టలేదు.