చత్వారమూ శవసైన్యమూ

జాంబీల లోకంలో మానవజాతి ఎందుకు అంతరిస్తుందన్న విషయం మీద గేములు తయారుచేసేవాళ్ళు ఏళ్ళ తరబడి తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. వైరస్ అని కొందరు, బూజు అని కొందరు కారణాలు కల్పించారు. అరవై దాటిన ఆటగాడిగా నేను సవినయంగా మనవి చేసేదేమిటంటే, అసలు కారణం అక్షరాల సైజు.

మొన్న రాత్రి ఒక పాడుబడిన ఇంట్లో నా చేయి తెగింది. అంటే తెర మీది చేయి. రక్తం ధారకట్టింది. సంచిలో మూడు సీసాలున్నాయి: ఒకటి నొప్పి మాత్రలు, ఒకటి గాయం కడిగే మందు, మూడోది తాగితే ప్రాణం తీసేది. ఏది ఏదో చెప్పే అక్షరాలు మాత్రం చీమ తలకాయంత ఉన్నాయి. చదివే కళ్ళజోడు పెట్టుకుంటే తెర మసకబారింది, తీసేస్తే అక్షరాలే మాయమయ్యాయి, కుర్చీ ముందుకు జరిపి, జోడును ముక్కు చివరికి దించి, గడ్డం పైకెత్తి చూస్తే సీసాలు నాలుగయ్యాయి. ఇంతలో వెనక తలుపు కిర్రుమంది. ఈ ఆటలో సంచి తెరిచినా కాలం ఆగదు. దాన్ని వాస్తవికత అంటారట. చివరికి భూతద్దం తెచ్చి (భూతాలతో ఆడే ఆటకు అది కావాలని నాకు ముందే తట్టి ఉండాల్సింది) ఎడమచేత్తో తెరకు ఆనించి, మొదటి రెండు అక్షరాలు కూడబలుక్కున్నాను. మూడో అక్షరం దగ్గర ఉండగా మెడ కొరికేశారు.

‘మీరు మరణించారు’ అన్న ముక్క మాత్రం తెర నిండా, పక్క గదిలో నుంచి జోడు లేకుండా చదవగలిగినంత అక్షరాల్లో వేశారు.

1996లో ‘రెసిడెంట్ ఈవిల్’ అనే జాంబీ గేము వచ్చిన నాటి ప్లేస్టేషన్ యంత్రం తెర మీద చూపే బొమ్మకు నిలువునా సుమారు 240 గీతలుండేవి. అందులో 12 చుక్కల ఎత్తున్న అక్షరం తెరలో ఇరవయ్యో వంతు. నేటి 4కె తెరకు 2160 గీతలు. అవే 12 చుక్కలు నూట ఎనభయ్యో వంతు. తెర పదునెక్కిన కొద్దీ అక్షరం అరిగిపోయింది. 2006లో ‘డెడ్ రైజింగ్’ అనే మరో జాంబీ గేములోని అక్షరాలు పాత టీవీల్లో కనబడక కుర్రవాళ్ళే గగ్గోలు పెట్టారు. అప్పుడు దాన్ని లోపం అన్నారు. ఇప్పుడు చదవలేనిది మేము కనుక దాన్ని వయసు అంటున్నారు.

సెట్టింగ్స్‌లోకి కూడా వెళ్ళాను. పాత్రకు పెట్టే గడ్డానికి పేజీ నిండా రకాలున్నాయి, రక్తం ఎంత చిందాలో తేల్చే మీట ఉంది. అక్షరాలు పెంచే మీటా ఉంది, కాకపోతే అది సంభాషణలకే పనిచేస్తుంది, ఆ సంగతి కూడా చీమ తలకాయంత అక్షరాల్లోనే రాసి ఉంది. ‘ప్రాజెక్ట్ జోంబాయిడ్’ అనే ఇంకో జాంబీ ఆటలోనైతే హ్రస్వదృష్టి గల పాత్రను ఎంచుకున్నవారికి బదులుగా కొన్ని పాయింట్లు దక్కుతాయి. నా చత్వారానికి ఎవరూ ఒక్క పాయింటూ ఇవ్వలేదు.

ఇవ్వకపోతే పోయె. నాలుగుసార్లు చచ్చాక ఆటే నన్ను మర్యాదగా అడిగింది, తేలిక స్థాయికి మారతారా అని. తేలిక ఎవరడిగారు? చదవనివ్వండి చాలు, మీ కఠిన స్థాయిలోనే ఆడి చూపిస్తాను! శవం చెంపలో పురుగు తొలిచిన కన్నాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కడానికి నెలలు పెట్టినవాళ్ళకు, అక్షరాన్ని రెండింతలు చేసే మీట పెట్టడానికి ఒక్క పూట దొరకలేదా? నలభై దాటాక ఎవరి కంటిలోనైనా కటకం గట్టిపడాల్సిందే, ఆ మీట పెట్టనివాడి కంటిలోనూ. డబ్బు తీసుకునేటప్పుడు మాత్రం వయసు అడగలేదు, పూర్తి ధర గుంజుకున్నారు. సిగ్గుండాలి.

నిన్న ఉక్రోషం దిగమింగి ఆ తేలిక స్థాయికే మారాను. జాంబీలు నెమ్మదించాయి, దయతలచి మందుల సంఖ్య కూడా పెంచారు. ఇప్పుడు నా సంచిలో ఆరు సీసాలున్నాయి.