ఓడలు మావి, ఖర్చు మీది

ప్రాచీన ఏథెన్స్‌కు జరిగినంత అన్యాయం చరిత్రలో మరే ఊరికీ జరగలేదని నా గట్టి అభిప్రాయం. పాపం, చుట్టుపక్కల ద్వీపాలన్నిటినీ కంటికి రెప్పలా కాపాడింది. కాపాడినందుకు ఖర్చులు అడిగింది. ఆపాటి దానికే సామ్రాజ్యమనీ, దోపిడీ అనీ ఎంతెంత మాటలన్నారో!

అసలు జరిగిందేమిటంటే, క్రీ.పూ. 480లో సలామిస్ దగ్గర పర్షియా నౌకాదళం చిత్తుగా ఓడింది. వాళ్లు మళ్లీ రాకమానరని, రెండేళ్లు తిరక్కుండానే గ్రీకు నగరాలు ఏథెన్స్ నాయకత్వంలో ఒక కూటమి కట్టాయి. ఖజానా డీలోస్ ద్వీపంలో. ప్రమాణం చేస్తూ ఇనుప ముద్దలు సముద్రంలో పడేశారు. అవి పైకి తేలేదాకా మన పొత్తు చెదరదని అర్థం. దస్తావేజు మీద సంతకం పెట్టేముందు గడువు ఎప్పటిదాకా అని అడిగి తెలుసుకోవాలి కదా? ఒక్కరూ అడగలేదు. కొన్నేళ్లకు నాక్సోస్ వాళ్లు తప్పుకుంటామన్నారు. ఇనుము తేలిందా? తేలలేదు. అందుకని ఏథెన్స్ ఓడలతో వెళ్లి ద్వీపాన్ని చుట్టుముట్టి, వాళ్లను తీసుకొచ్చి మళ్లీ కూటమిలో కూర్చోబెట్టింది. దీన్ని దౌర్జన్యం అనేవాళ్లకు మాట మీద నిలబడడమంటే ఏమిటో తెలియదు.

ఎవరి వాటా ఎంతో లెక్క కట్టిన పెద్దమనిషి అరిస్టైడిస్. ఆయన్ను జనం న్యాయశీలి అనే పిలిచేవారు. మొత్తం ఏడాదికి 460 టాలెంట్లు. టాలెంట్ అంటే దగ్గర దగ్గర 26 కిలోల వెండి. ఓడలూ మనుషులూ పంపగలిగినవాళ్లు పంపొచ్చు, లేనివాళ్లు డబ్బు కట్టొచ్చు. ఏటా కొడుకుల్ని యుద్ధానికి పంపడం ఎవరికి మాత్రం ఇష్టం? చాలా ఊళ్లు "డబ్బే తీసుకోండి బాబూ" అన్నాయి. ఏథెన్స్ వద్దంటుందా? ఆ డబ్బుతో తన ఓడలు తాను కట్టుకుంది. తర్వాత ఎప్పుడైనా ఎదురు తిరుగుదామంటే ఆ ఊళ్లకు ఓడల్లేవు, అలవాటూ లేదు. ఈ సంగతి చెప్పినవాడు చరిత్రకారుడు థ్యూసిడిడీస్, స్వయంగా ఏథెన్స్ సేనాని. తప్పు మిత్రులదేనని కూడా ఆయనే తేల్చాడు. మెడకు తాడు పేనుకున్నదీ వాళ్లే, నార కొనిచ్చిందీ వాళ్లేనని!

క్రీ.పూ. 454లో ఖజానా డీలోస్ నుంచి ఏథెన్స్‌కు మారింది. భద్రత కోసం. వీధిలో చీటీలు కట్టినవాళ్లకు ఈ ఘట్టం విడమరిచి చెప్పక్కర్లేదు. ముందు పెట్టె గుళ్లో ఉంటుంది, తర్వాత చీటీ నడిపే ఆవిడ ఇంటికి వస్తుంది, ఆ తర్వాత ఆ ఇంటి మీద ఇంకో అంతస్తు లేస్తుంది. ఇక్కడ లేచింది పార్థినాన్, ఎథీనా దేవి గుడి. పని మొదలైంది క్రీ.పూ. 447లో. ఊళ్లోనే కొందరు గొణిగారు, మిత్రుల సొమ్ముతో నగరానికి నగలు చేయిస్తున్నామని. అప్పటి ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ జవాబు ముచ్చటైనది. వాళ్లు గుర్రం ఇవ్వలేదు, ఓడ ఇవ్వలేదు, సైనికుణ్ణి ఇవ్వలేదు. ఇచ్చింది డబ్బు. ఇచ్చినదానికి బదులుగా రక్షణ అందుతున్నప్పుడు లెక్క ఎందుకు చెప్పాలి?

అయినా లెక్కలు దాచలేదండోయ్. అరవయ్యో వంతు ఎథీనా దేవికి తీసి, ఏ ఊరి తరఫున దేవికి ఎంత ముట్టిందో రాళ్ల మీద చెక్కించారు. కోశాధికారుల హోదా పేరు "గ్రీకుల కోశాధికారులు", పదిమందీ ఏథెన్స్ వాళ్లే. దేవి పండగకు ప్రతి మిత్రనగరమూ ఒక ఆవునూ, ఒక జత కవచాన్నీ తీసుకురావాలి. వసంతంలో నాటకాల పండగ నాడు, మిత్రులు కట్టిన వెండిని రంగస్థలం మీదికి మోసుకొచ్చి చూపించేవారు. కట్టినవాళ్ల ప్రతినిధులు ఎదురుగా కూర్చుని చూస్తూండేవారు. రసీదు ఇంతకన్నా ఘనంగా ఎవరిస్తారు?

ఈ సొమ్మంతా పెద్దింటివాళ్లే తిన్నారనుకుంటే పొరపాటు. మూడు వరుసల ఓడకు 170 మంది తెడ్లు వేసేవాళ్లు కావాలి. అట్టడుగు వరుసలో 54 మంది. వెలుతురుండదు, గాలి ఆడదు, ముఖానికి ఎదురుగా పైవాడి పిరుదులు. ఆ పిత్తుల మీద ఆనాటి హాస్యనాటకంలోనే జోకుంది. తన తెడ్డు, తన దిండు తనే భుజాన వేసుకుని వచ్చే ఈ కూలివాళ్లలో చాలామంది ఏథెన్స్ పౌరులు. తెడ్డు లాగిన చెయ్యే కొండ మీది సభలో ఓటుకు లేస్తుంది. ప్రజాస్వామ్యం అక్కడ అంత బలంగా ఎందుకుందంటే, ఓడ నడవాలంటే వాడే కావాలి. మిత్రనగరాల పెద్ద కేసులు కూడా ఏథెన్స్ కోర్టుల్లోనే తేలాలి. అందుకు వచ్చేవాళ్ల వల్ల రేవు సుంకం పెరుగుతుంది, గదులు అద్దెకిచ్చేవాళ్లకు బేరం తగులుతుందని ఆ కాలపు రచయిత ఒకాయన లెక్కగట్టాడు కూడా.

ఇక దయాగుణం సంగతి. క్రీ.పూ. 428లో లెస్బోస్ ద్వీపంలోని మిటిలీనే తిరగబడి, మరుసటేడు లొంగిపోయింది. సభ కూర్చుంది. మగవాళ్లందర్నీ చంపాలి, ఆడవాళ్లనూ పిల్లల్నీ బానిసలుగా అమ్మాలి అని ఓటేసి, ఆ ఉత్తర్వుతో ఓడను పంపేసింది. రాత్రి నిద్ర పట్టలేదు కాబోలు, తెల్లారి మళ్లీ కూర్చున్నారు. క్లియాన్ అనే నాయకుడు మాట మార్చొద్దని అరిచాడు. డయోడోటస్ అనే ఇంకొకాయన లేచి, జాలి సంగతి నాకొద్దు, చంపడం మనకు గిట్టుబాటు కాదన్నాడు. చేతులు లెక్కపెడితే చెరి సగంలా ఉండి, డయోడోటస్ పక్షం వెంట్రుకవాసిలో గెలిచింది. రెండో ఓడ బయల్దేరింది. మొదటిది ఒక పగలూ రాత్రీ ముందుంది. మద్యంలో, నూనెలో కలిపిన బార్లీ పిండి ముద్దలు తెడ్డు వదలకుండానే నోట్లో వేసుకుంటూ, వంతులవారీగా కునుకు తీస్తూ లాగారు. ముందరి ఓడ వాళ్లకు ఆ పాపిష్టి పని మీద మనసు లేక మెల్లగా పోతున్నారు. మిటిలీనేలో ఉన్న ఏథెన్స్ సేనాని ఉత్తర్వు చదవడం పూర్తి చేసేసరికి రెండోది రేవులోకి వచ్చింది.

ఊరు బతికింది. తిరుగుబాటు పెద్దల్ని మాత్రం చంపేశారు. భూముల్ని 3,000 ముక్కలు చేసి, 300 దేవుళ్లకు, మిగతావి ఏథెన్స్ వాళ్లకు పంచారు. సాగు పాతవాళ్లే చేసుకోవచ్చు, ముక్కకు ఏడాదికి రెండు మైనాల (మైనా అంటే టాలెంట్‌లో అరవయ్యో వంతు) కౌలు కడితే చాలు. ఇంతకంటే కనికరం ఏముంటుంది?

క్రీ.పూ. 404లో ఏథెన్స్ తన ప్రత్యర్థి గ్రీకు నగరం స్పార్టా చేతిలో ఓడిపోయింది. వేణువులు ఊదుతుంటే ప్రాకారాలు కూలగొట్టి, గ్రీసుకు స్వేచ్ఛ వచ్చిందని సంబరపడ్డారు. రక్షణ బాధ్యత స్పార్టా తీసుకుంది. ఊరూరా తన అధికారిని పెట్టింది. మిత్రులకు పాత రోజులు గుర్తుకు రావడం మొదలైంది.

క్రీ.పూ. 377లో ఏథెన్స్ మరో రాయి చెక్కించింది. కొత్త కూటమి. ఎవరి స్వాతంత్ర్యం వాళ్లదే, కావలి సైన్యం పెట్టం, కప్పం అనగా ఫోరోస్ వసూలు చెయ్యం అని దాని మీద రాసుంది. మాట తప్పలేదు. వసూలు చేసినదాని పేరు సింటాక్సిస్, అంటే చందా.

ఆ రాయి మీద చేరిన ఊళ్ల పేర్లూ ఉన్నాయి. మొదట్లో చెక్కిన నాలుగైదు పేర్లలో ఒకటి మిటిలీనే.