కొబ్బరి చిప్ప బొగ్గులో మెరిసేది నానోట్యూబు కాదు

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. కొబ్బరి చిప్పల బొగ్గులో కార్బన్ నానోట్యూబులు, అంటే కార్బన్ పరమాణువులతో అల్లిన, కంటికి కనిపించనంత సన్నని గొట్టాలు, ఉంటాయట. పొడి కొట్టి రాత్రంతా నిమ్మరసంలో నానబెడితే అవి ‘ఫంక్షనలైజ్’ అవుతాయట. ఆ నీళ్లు తాగితే అవి కిడ్నీలో చేరి, కిడ్నీ బయటికి పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థాన్ని పీల్చేస్తాయట. సరుకు అసలైనదో కాదో తెలియాలంటే చీకట్లో టార్చి వేయాలి, మెరిస్తే నానోట్యూబులు ఉన్నట్టే. ఇంకా అనుమానముంటే తమిళనాడులోని కీళడి తవ్వకాల్లో దొరికిన పురాతన కుండలను చూడమంటారు.

నేను శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. ఇంతకుముందు ఈ మెసేజ్ వస్తే డిలీట్ చేసి ఊరుకున్నాను. మొన్న కవిటి వెళ్లినప్పుడు మా పిన్ని మంచం పక్కన, మాత్రల డబ్బాను ఆనుకుని, ఈ పొడి సీసా కనిపించింది. ఆమెకు మూడేళ్లుగా క్రియాటినిన్ ఎక్కువగా ఉంది. ‘‘బొగ్గే కదా బాబూ, తాగితే ఏటౌద్ది?’’ అంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

ముందు టార్చి సంగతి. ఆ రాత్రే పొడిని స్టీలు పళ్లెంలో పోసి ఫోన్ లైటు వేశాను. నిజమే, అక్కడక్కడా చుక్కల్లా మెరిసింది. పళ్లెం కొంచెం వంచాను. ఆ చుక్కలు ఆరిపోయి వేరే చోట వెలిగాయి. అంటే పలుకుల నున్నటి ముఖాల మీద పడి వెలుగు తిరిగి వస్తోందన్నమాట. ఇసుకలో కాకిబంగారం మెరిసినట్టే. పదార్థం తనంతట తాను వెలుగు ఇస్తే పళ్లెం ఎటు వంచినా ఆ మెరుపు అక్కడే ఉండాలి.

నానోట్యూబులకు వెలుగు ఇచ్చే గుణం ఉంది. 2002లో అమెరికాలోని రైస్ యూనివర్సిటీ వాళ్లు దాన్ని చూపించారు. కానీ అది మన కంటికి కనిపించదు. కంటికి ఆనేది సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న వెలుగు (నానోమీటరంటే మీటరులో వంద కోట్లో వంతు). ఒంటి గోడ నానోట్యూబులు, అంటే ఒకే పొర కార్బన్‌తో ఏర్పడిన గొట్టాలు, వదిలేది ఎక్కువగా 900 నుంచి 1,600 మధ్య, అంటే ఇన్‌ఫ్రారెడ్‌లో. దానికి ప్రత్యేకమైన డిటెక్టర్ కావాలి. ఉదాహరణకు 0.76 నానోమీటర్ల అడ్డుకొలత ఉన్న ఒక రకం గొట్టం 570 దగ్గరి వెలుగును మింగి 990 దగ్గర వదులుతుంది.

పైగా పొడిగా ఉన్న గొట్టాలు కట్టలు కట్టుకుని ఉంటాయి. వాటిలో దాదాపు మూడోవంతు లోహంలా ప్రవర్తించేవి. పక్కనున్న గొట్టం పట్టిన శక్తిని ఇవి లాగేసుకోవడంతో వెలుగు బయటికి రాదు. అందుకే రైస్ వాళ్లు సబ్బులాంటి పదార్థం కలిపిన నీళ్లలో, అల్ట్రాసౌండ్‌తో కట్టలు విప్పి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, విడివిడి గొట్టాలను పట్టారు. ఇక నానోట్యూబులను నిలువుగా దట్టంగా పెంచితే మెరుపు మాట అటుంచి, 2014లో వచ్చిన వాంటాబ్లాక్ పూతలా మీద పడిన వెలుగులో 99.96 శాతం మింగేస్తాయి.

నిమ్మరసం మాటకొస్తే, ఫంక్షనలైజ్ చేయడమంటే గొట్టం గోడలోని కార్బన్‌కు వేరే పరమాణువుల గుంపును అతికించడం. ఆ గోడ చాలా గట్టిది. ల్యాబులో గాఢ నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమంలో గంటల తరబడి ఉంచితే కొసల్లో, లోపాలున్న చోట్ల కార్బాక్సిల్ అనే ఆక్సిజన్ ఉన్న గుంపులు ఏర్పడతాయి. నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లంలో ఎంత నానబెట్టినా ఆ పని జరగదు.

ఇక్కడే మెసేజ్ తన మాట తానే కొట్టేసుకుంటుంది. గుంపు అతికిన చోట కార్బన్ మూడు పరమాణువులకు బదులు నాలుగింటితో ముడిపడి, గోడ వెంట ఎలక్ట్రాన్లు సాగే దారి తెగుతుంది. అలాంటి చోట్లు ఎక్కువైతే నానోట్యూబు కొన్ని తరంగదైర్ఘ్యాల వెలుగునే ప్రత్యేకంగా మింగే గుణం చెదిరిపోతుంది, వెలుగు ఆరిపోతుంది. అంటే ఆమ్లంలో బాగా నానితే మెరుపు చావాలి, పెరగకూడదు. ఒక మినహాయింపు ఉంది, నాకు చాలా ఇష్టమైనది. 2013లో మేరీల్యాండ్ యూనివర్సిటీ వాళ్లు డైయజోనియం లవణాలనే రసాయనాలతో గొట్టం మీద అక్కడొకటి ఇక్కడొకటి గుంపులు అతికించారు. గొట్టం వెంట తిరిగే శక్తి ఆ చోట్ల చిక్కుకుని, ఇంకా పొడవైన తరంగదైర్ఘ్యంలో, ముందుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ వెలుగు వచ్చింది. అంతా మోతాదులో ఉంది, పులుసులో ఉప్పులా. ఆ వెలుగు కూడా కంటికి కనిపించేది కాదు.

కీళడి విషయం నిజం. కుండల నల్లపూతలో నానోట్యూబులు ఉన్నాయని 2020లో ప్రచురించారు. అది కుండ పూత గురించిన పరిశోధన, ఎవరూ దాన్ని గీకి తాగలేదు. మామూలు పొయ్యి బొగ్గు మాత్రం చిందరవందరగా అమరిన కార్బన్. నానోట్యూబులు పెంచడానికి సాధారణంగా ఇనుము, నికెల్ లాంటి లోహపు రేణువుల మీదుగా వేడి హైడ్రోకార్బన్ వాయువును పంపుతారు.

కొబ్బరి చిప్ప బొగ్గుకు గౌరవం లేదని కాదు. నీళ్ల ఫిల్టర్లలోని యాక్టివేటెడ్ కార్బన్‌ను దానితో కూడా చేస్తారు, పని చేసేది అందులోని సన్నటి రంధ్రాలు. కానీ తాగిన బొగ్గు పేగు దాటి రక్తంలోకి వెళ్లదు, కిడ్నీని చేరదు. జపాన్‌లో 1991 నుంచి కిడ్నీ రోగులకు కార్బన్ గుళికల మందు ఒకటుంది. రెండు వేల మందికి పైగా రోగులతో జరిపి 2015లో ప్రచురించిన ట్రయల్స్‌లో అది కూడా జబ్బు ముదరడాన్ని ఆపినట్టు తేలలేదు.

ఒకవేళ ఆ పొడిలో నిజంగా నానోట్యూబులే ఉంటే ఇంకా భయపడాలి. పొడవాటివి ఎలుకల్లో ఆస్బెస్టాస్ లాంటి వాపు తెచ్చాయని 2008లో తేలింది. ఒకదానిలో ఒకటిగా చాలా పొరలున్న ఒక రకం బహుళగోడ నానోట్యూబును 2014లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ‘మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నది’ అన్న వర్గంలో పెట్టింది.

పిన్నికి నేను చెప్పింది వేరే. బొగ్గు రంధ్రాలకు మంచి చెడు తెలియదు. పేగులో ఎదురైన మాత్రలోని మందును కూడా పట్టేసుకోగలవు. ఆమె బీపీ మాత్ర వేసుకుని వెంటనే ఈ నీళ్లు తాగుతోంది. సీసా ఆ రోజే పక్కన పెట్టించాను. ఎన్నాళ్లు తాగింది, మాత్రకూ దానికీ మధ్య ఎంత సేపు ఉండేది అన్నది కాగితం మీద రాసి, సీసాతో సహా డాక్టరుకు చూపించాం. మీ ఇంట్లో ఎవరైనా తాగుతుంటే ఈ రెండు విషయాలూ మీ డాక్టరుకు చెప్పండి.