కపిల్‌ని సగటుతో కొలిచేవాళ్లకు

వారంలో ఐదోసారి వచ్చింది ఆ మెసేజ్. "కపిల్ దేవ్ గొప్ప ఫాస్ట్ బౌలరేం కాదు, ఎక్కువ కాలం ఆడాడు కాబట్టి 434 వికెట్లు వచ్చాయి" అని, కింద నాలుగు పాయింట్లు. ఈసారి పంపింది చిన్నప్పుడు నా పక్కన కూర్చుని రేడియోలో కామెంటరీ విన్నవాడు. ఇక ఊరుకోలేను.

'ఫాస్ట్ కాదు, మీడియం పేసర్' అట. 1978లో ఫైసలాబాద్‌లో, తొలి టెస్టులోనే, అతని బౌన్సర్లకి పాకిస్తాన్ ఓపెనర్ సాదిక్ మహమ్మద్ హెల్మెట్ తెప్పించుకున్నాడు. తర్వాత వేగం తగ్గింది. బ్యాట్స్‌మన్ నుంచి బయటికి వంగే ఆ అవుట్‌స్వింగర్ పదును తగ్గలేదు.

'టీమ్‌లోంచి తీసేశారు' అట. ఒక్క కలకత్తా టెస్టుకి. అదీ అంతకుముందు ఢిల్లీ టెస్టులో బాధ్యత లేకుండా కొట్టిన షాట్‌కి, బౌలింగ్‌కి కాదు.

ఒళ్లు మండేది మూడోదానికి. 'న్యూజిలాండ్ ఫాస్ట్ బౌలర్ హ్యాడ్లీ 86 టెస్టుల్లో 431 తీశాడు, సగటు (అంటే ఒక్కో వికెట్‌కి ఇచ్చిన పరుగులు, తక్కువైతే మేలు) 22.29. కపిల్‌కి 131 టెస్టులు, సగటు 29.64.' అంకెలు నిజమే. కానీ ఆ 434లో 219 మన పిచ్‌ల మీద తీసినవి! కపిల్ రాకముందు ఇక్కడ కొత్త బంతిని గవాస్కర్ కూడా వేసేవాడు, మెరుపు పోగొట్టి స్పిన్నర్లకి ఇవ్వడానికి. ఫాస్ట్ బౌలర్లకి కలిసిరాని అలాంటి చోట పదిహేనేళ్లు పరిగెత్తినవాడి సగటుని ఇంకో దేశపు సగటు పక్కన పెట్టి తేల్చేస్తారా? 1983లో అహ్మదాబాద్ మోతేరా స్టేడియంలో వెస్టిండీస్ మీద 83 పరుగులకి 9 వికెట్లు తీశాడు. మనవాళ్లు 103కే ఆలౌటై ఆ మ్యాచ్ ఓడారు. అది ఏ సగటులో కనపడుతుంది?

ఒరేయ్, 1981 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ మర్చిపోయావా? తెల్లవారకముందే మీ అరుగు మీద, మీ నాన్నగారు లేస్తారని రేడియో సౌండ్ తగ్గించి విన్నాం. ఆస్ట్రేలియాకి కావాల్సింది 143. మన హైదరాబాద్ శివలాల్ యాదవ్ కాలి దెబ్బతో బౌలింగే వేయలేకపోయాడు. తొడ కండరం పట్టేసి కపిల్ కూడా నాలుగో రోజు సాయంత్రం బంతి పట్టలేదు. మర్నాడు నొప్పి మందు వేసుకుని దిగాడు. ఒకే ఎండ్ నుంచి ఆపకుండా 16.4 ఓవర్లు, 28 పరుగులు, 5 వికెట్లు. ఆస్ట్రేలియా 83 ఆలౌట్. చివరి వికెట్ పడ్డప్పుడు నువ్వు అరిచిన అరుపుకి మీ నాన్నగారు నిజంగానే లేచారు. ఆ కాలుతో అన్ని ఓవర్లు వేసినవాణ్ణా 'ఎక్కువ కాలం ఆడాడంతే' అంటున్నావు?

నాలుగోది, 'రికార్డు కోసం చివర్లో ఈడ్చాడు.' దీనికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. 1994 ఫిబ్రవరిలో, మళ్లీ మోతేరాలోనే, షార్ట్ లెగ్‌లో మంజ్రేకర్ తిలకరత్నే క్యాచ్ పట్టేదాకా హ్యాడ్లీ 431 ప్రపంచ రికార్డుని దాటే ఆ 432వ వికెట్ కోసం దేశమంతా ఎదురుచూసింది. నేనూ చూశాను. ఆ రోజుల్లో కుర్ర ఫాస్ట్ బౌలర్ శ్రీనాథ్ బెంచీ మీద ఉన్నాడు. 1991లో బ్రిస్బేన్‌లో తొలి టెస్టు ఆడినవాడు సొంతగడ్డ మీద మొదటి టెస్టు కోసం 1994 చివరిదాకా, అంటే కపిల్ తప్పుకునేదాకా, ఆగాల్సి వచ్చింది. వేగం బాగా ఉన్న వయసులో ఆ కుర్రాడికి అన్యాయమే జరిగింది.

ఈ ఒక్కటే రాసి ఉంటే నేనూ నలుగురికి పంపేవాణ్ణి. పై మూడూ తీసెయ్.