కంచె వేసి పోగొట్టుకున్న నీలి సీతాకోకచిలుక

బ్రిటన్‌లో లార్జ్ బ్లూ అనే సీతాకోకచిలుక 1979లో పూర్తిగా కనుమరుగైంది. నీలి రెక్కల మీద నల్ల మచ్చలతో చూడముచ్చటగా ఉండేది. పట్టుకుని అట్టలకు గుచ్చి దాచుకునే సేకర్తల వల్లే తగ్గిపోతోందని చాలాకాలం నమ్మారు. అందుకని అది తిరిగే కొండవాలుల్లో కొన్నింటిని రక్షిత స్థలాలుగా ప్రకటించి చుట్టూ కంచె వేశారు. సేకర్తలతో పాటు గొర్రెలు, ఆవులు కూడా బయటే ఆగిపోయాయి. లోపల గడ్డి ఏపుగా పెరిగింది. సీతాకోకచిలుక మాత్రం నిలవలేదు.

గడ్డి పెరిగితే అదెందుకు చచ్చిపోతుందో కనిపెట్టిన శాస్త్రవేత్త జెరెమీ థామస్. 1972లో ఆయన పని మొదలుపెట్టేనాటికి లార్జ్ బ్లూ ఉన్న చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. ఆయన అక్కడే మకాం వేసి ఏటా గుడ్లు, గొంగళిపురుగులు, చీమల పుట్టలు లెక్కపెడుతూ కూర్చున్నారు. ఈ ఓపికే ఈ కథలో అసలు సంగతని మా అభిప్రాయం.

ఈ పురుగు బతుకు చాలా చిత్రమైనది. వాము లాంటి ఘాటు వాసన ఉండే వైల్డ్ థైమ్ అనే మొక్క మొగ్గల మీద తల్లి గుడ్డు పెడుతుంది. గొంగళిపురుగు రెండు మూడు వారాలు ఆ పూలు తిని నేల మీదికి జారిపోతుంది. దాని వాసన చూసి ఎర్రచీమలు తమ పిల్లే అనుకుని పుట్టలోకి మోసుకుపోతాయి. అది సుమారు పది నెలలు అక్కడే ఉండి చీమల పిల్లలను తిని పెరుగుతుంది. చీమలతో దీనికున్న ఈ సంబంధం 20వ శతాబ్దం మొదట్లోనే తెలుసు. ఏ చీమ అన్నది మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. పుట్టలోకి తీసుకెళ్లే ఎర్రచీమలు చాలా రకాలున్నా, మిర్మికా సబులేటి అనే ఒక్క రకం పుట్టలోనే గొంగళిపురుగు సరిగా బతుకుతుందని థామస్ తేల్చారు. ఆ చీమకు వెచ్చటి నేల కావాలి. జీవాలు కొరికి కొరికి గడ్డిని నేలబారుగా ఉంచిన వాలుల్లోనే అది ఉంటుంది. గడ్డి రెండు మూడు సెంటీమీటర్లు పెరిగితే చాలు, నేల చల్లబడి వేరే ఎర్రచీమలు ఆ చోటు ఆక్రమిస్తాయి. చూసేవాళ్లకు థైమ్ కనిపిస్తుంది, ఎర్రచీమలూ కనిపిస్తాయి. అంతా బాగానే ఉందనిపిస్తుంది.

కంచెలు లేని చోటా ఇదే జరిగింది. వాలుల్లో మేపడం గిట్టుబాటు కాక రైతులు మానేశారు. 1953లో వచ్చిన మిక్సోమటోసిస్ రోగంతో గడ్డి కొరికే కుందేళ్లు చాలావరకు చచ్చిపోయాయి. థామస్‌కు జవాబు దొరికేసరికి సీతాకోకచిలుకకు టైమ్ అయిపోయింది.

ఆయన అక్కడితో ఆగిపోలేదు. ముందు గడ్డిని, చీమలను దారికి తెచ్చి, 1983 నుంచి స్వీడన్‌లోని ఓలాండ్ దీవి నుంచి లార్జ్ బ్లూలను తెచ్చి వదిలారు. సోమర్‌సెట్‌లోని గ్రీన్ డౌన్, కొలార్డ్ హిల్ మీద అది మళ్లీ స్థిరపడింది. గ్లాస్టర్‌షైర్‌లోని రాడ్‌బరో కామన్‌లో ముందు కొన్నేళ్లు పశువుల మేతను సరిచేసి, 2019లో 1,100 గొంగళిపురుగులను వదిలితే, మరుసటి వేసవికి దాదాపు 750 సీతాకోకచిలుకలు ఎగిరాయి. 150 ఏళ్లుగా అక్కడ కనబడనిది మళ్లీ కనబడింది. థామస్ బృందమే 2004లో మరో లెక్క తేల్చింది: బ్రిటన్‌లో 20 ఏళ్లలో 71 శాతం సీతాకోకచిలుక జాతులు తగ్గాయి. అదే కాలంలో తగ్గిన పక్షి జాతులు 54 శాతం. పక్షులు పోతే కాస్తయినా కలవరపడే మనం పురుగులు పోతే గమనించం కూడా.

ఇంగ్లండ్ కొండవాలు సంగతి మనకెందుకు అనుకోవద్దు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం తోడ్పాటుతో కేంద్ర ప్రభుత్వం తయారుచేసే బంజరు భూముల అట్లాస్‌లో తుప్పలు మొలిచిన నేలలు, క్షీణించిన మేత భూములు కూడా ఉన్నాయి. బంజరు అని పేరు పడ్డాక ఆ నేలలో చెట్లు నాటినా, సోలార్ పలకలు పరిచినా బాగుచేసినట్టే లెక్క. అక్కడి గడ్డిలో ఏ చీమ ఏ పురుగుకు ఆధారమో ఎవరు చూశారు? మన దక్కను చీమలు, ఇంగ్లండ్ చీమలు ఒకటని మేం అనడం లేదు. ఇక్కడి జవాబులు వేరుగా ఉండొచ్చు, కొన్నిచోట్ల మేత ఆపాల్సి కూడా రావచ్చు. అది తేల్చడానికి ఇక్కడా ఒక మనిషి ఏళ్ల తరబడి నేల మీద వంగి లెక్కపెట్టాలి. రెండు మూడేళ్ల ప్రాజెక్టులతో అది కుదరదు. విశ్వవిద్యాలయాల్లో కీటకశాస్త్రం అంటే పంట తెగుళ్లు, మందులే కాకూడదు. పురుగు బతుకును చదివే పరిశోధనకు పదేళ్లకు తగ్గకుండా నిధులు ఇవ్వాలి. ఆ ఊరి నేలలో ఏ నెలలో గడ్డి ఎంత ఎత్తుంటుందో గొర్రెల కాపరికి తెలుసు. బంచరాయిలోనో బీడులోనో మొక్కలు నాటే గుంతలు తవ్వడానికి అటవీ, గ్రామీణాభివృద్ధి శాఖలు పూనుకునే ముందు, ఆయన చెప్పింది రాసుకుని, కనీసం ఒక ఏడాది మూడు కాలాల్లోనూ అక్కడి పురుగుల్ని లెక్కించే నిబంధన పెట్టాలి.